‘మిలిటరీ గ్రేడ్’ ఫోన్ నిజంగా మిలిటరీదేనా? దిల్‌సుఖ్‌నగర్ స్టిక్కర్‌కీ, కంచన్‌బాగ్ టెస్టుకీ తేడా ఇదే!

హైదరాబాద్: దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా మొబైల్ షోరూములకు కొదవ లేదు. ఈమధ్య అక్కడ కొత్త ఫోన్ అడిగితే కెమెరా, బ్యాటరీతో పాటు ఇంకో మాట కూడా చెబుతున్నారు. అదే ‘మిలిటరీ గ్రేడ్’. కొన్ని ల్యాప్‌టాప్ బాక్సుల మీదా ఇదే ముద్ర కనిపిస్తోంది. అదే ఎల్బీనగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద కర్మన్‌ఘాట్, చంపాపేట దాటితే వచ్చేది కంచన్‌బాగ్. డీఆర్‌డీఎల్, మిధాని, భారత్ డైనమిక్స్ ఉన్న ఏరియా. ఇక్కడ ఒక ఎలక్ట్రానిక్ పరికరం ఓకే అనిపించుకోవాలంటే స్టిక్కర్ సరిపోదు. టెస్ట్ రిపోర్టు కావాలి.

మరి ఈ రెండింటికీ తేడా ఏంటి? మీ జేబుకీ, దేశ రక్షణకీ ఇది ఎందుకు ముఖ్యం?

అసలు ఆ ముద్ర ఎక్కడిది?

బాక్సుల మీద ఎక్కువగా కనిపించేది ‘మిల్ స్టాండర్డ్ 810’. అమెరికా రక్షణ శాఖ 1962లో తెచ్చిన టెస్టుల పుస్తకం ఇది. 2019లో 810హెచ్ వెర్షన్ వచ్చింది. ఎండ, చలి, తేమ, వాన, దుమ్ము, ఉప్పు గాలి, కుదుపులు, కింద పడటం... ఇలా ఒక్కో దానికి ఒక్కో టెస్టు ఉంటుంది.

ఇక్కడే అసలు మతలబు ఉంది. ఇది సర్టిఫికెట్ కాదు. మార్కెట్లో అమ్మే ఫోన్లకు అమెరికా సైన్యం ఎలాంటి ముద్రా వేయదు. పుస్తకంలోని టెస్టుల్లో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకోవచ్చు. రెండు మూడు టెస్టులు పాసైనా బాక్సు మీద పేరు వేసుకోవచ్చు.

డ్రాప్ టెస్టే చూడండి. చిన్న పరికరాలను నాలుగు అడుగుల ఎత్తు నుంచి 26 సార్లు పడేయాలి. అయితే ఆ 26 దెబ్బలనూ ఐదు పీసుల దాకా పంచుకునే వీలుంది. అంటే ఒక్కో ఫోన్‌కు తగిలేది ఐదారు దెబ్బలే కావచ్చు. ఇది రూల్ ప్రకారం తప్పేం కాదు. కానీ కొనే మనిషి మాత్రం ఒకే ఫోన్ 26 సార్లు పడి బతికిందనుకుంటాడు.

నిజమైన రగ్గడ్ కంప్యూటర్ లోపల ఏముంటుంది?

సైన్యం, ఫ్యాక్టరీలు వాడే రగ్గడ్ కంప్యూటర్ అంటే మామూలు కంప్యూటర్‌కు గట్టి డబ్బా తొడగడం కాదు. డిజైనే వేరు. చాలావాటిలో ఫ్యాన్ ఉండదు. ఫ్యాన్ తిరిగితే దుమ్ము లోపలికొస్తుంది కాబట్టి వేడిని లోహపు బాడీ ద్వారానే బయటకు పంపుతారు. తేమ తగలకుండా సర్క్యూట్ బోర్డుకు సన్నని పూత వేస్తారు. కుదుపులకు ఊడిపోకుండా కేబుళ్లకు బిగించి లాక్ చేసే కనెక్టర్లు పెడతారు.

చిప్పుల్లోనూ తేడా ఉంది. మామూలు చిప్పులను 0 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసేలా తయారు చేస్తారు. ఇండస్ట్రియల్ రకానికి ఇది మైనస్ 40 నుంచి 85 డిగ్రీలు. మిలిటరీ రకానికైతే మైనస్ 55 నుంచి 125 డిగ్రీలు.

మానిటర్ సంగతి ఇంకో ఎత్తు. మామూలు ల్యాప్‌టాప్ స్క్రీన్ వెలుగు 250 నుంచి 300 నిట్స్ దాకా ఉంటుంది. రాజస్థాన్ ఎడారి ఎండలో అది కనిపించదు. అక్కడ 1000 నిట్స్ స్థాయి స్క్రీన్ కావాలి. సియాచిన్‌లో సమస్య రివర్స్. గడ్డకట్టే చలిలో ఎల్‌సీడీ స్క్రీన్ నెమ్మదిస్తుంది, బొమ్మ సాగినట్టు కనిపిస్తుంది. అందుకే ప్యానెల్ వెనక హీటర్ పెడతారు. రాడార్ తెరపై బొమ్మ ఒక్క క్షణం ఆలస్యమైనా ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర రూల్ ఏంటి?

మన సైన్యానికి సొంత ప్రమాణం ఉంది. పేరు జేఎస్ఎస్ 55555. ఎలక్ట్రానిక్ పరికరాలు వేడి, చలి, తేమ, కుదుపులు, దుమ్ము, ఉప్పు గాలికే కాదు, బూజుకు కూడా ఎలా తట్టుకుంటాయో ఇందులోని టెస్టులతో తేలుస్తారు. పరికరం బండిలో పెట్టేదా, ఓడలోదా, సైనికుడు మోసుకెళ్లేదా అన్న దాన్ని బట్టి టెస్టు మారుతుంది.

హైదరాబాద్ తూర్పు వైపుకు ఈ పని కొత్త కాదు. ఎల్బీనగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా వెళ్తే వచ్చే ఈసీఐఎల్ 1967లో మొదలైంది. బార్క్ రూపొందించిన టీడీసీ-12 కంప్యూటర్‌తో మొదలుపెట్టి అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ సిస్టమ్స్ దాకా అక్కడ తయారయ్యాయి. మనం ఓటేసే ఈవీఎంలను తయారు చేసే రెండు సంస్థల్లో ఇదొకటి. కరెంటు లేని ఊళ్లో కూడా బ్యాటరీతో పనిచేస్తూ, జీపుల్లో, ట్రాక్టర్లలో ఊగుతూ వెళ్లే ఈవీఎం కూడా ఒకరకంగా రగ్గడ్ మెషీనే. ఎల్బీనగర్ రింగ్ రోడ్డులో ఎండా వానా తట్టుకోవాల్సిన ఆర్టీసీ కండక్టర్ చేతిలోని టిమ్ మెషీన్ కూడా అంతే.

2025 మేలో జరిగిన ఆపరేషన్ సిందూర్‌లో ఆకాశ్ క్షిపణుల పేరు మార్మోగింది. వాటిని డిజైన్ చేసింది డీఆర్‌డీఎల్, తయారు చేసేది భారత్ డైనమిక్స్. గగనతల రక్షణ సమాచారాన్ని ఒకే తెర మీదకు తెచ్చే ఆకాశ్‌తీర్ కోసం 2023 మార్చిలో భారత్ ఎలక్ట్రానిక్స్‌తో రూ.1,982 కోట్ల ఒప్పందం కుదిరింది. క్షిపణి ఎంత గొప్పదైనా, దాన్ని ఎప్పుడు వదలాలో చెప్పే కంప్యూటర్, తెర ఆగిపోతే లాభం లేదు.

చిక్కు ఎక్కడుంది?

మొదటిది దిగుమతి. డబ్బా, బోర్డు, సాఫ్ట్‌వేర్ ఇక్కడే చేస్తున్నా ప్రాసెసర్లు, ఎల్‌సీడీ ప్యానెళ్లు ఎక్కువగా బయటి నుంచే వస్తున్నాయి. రెండోది వయసు. ఆయుధ వ్యవస్థ 20 ఏళ్లు, అంతకంటే ఎక్కువే సర్వీసులో ఉంటుంది. దానిలోని చిప్ తయారీ మాత్రం కొన్నేళ్లకే ఆగిపోవచ్చు. అప్పుడు స్పేర్లు దొరక్క మళ్లీ డిజైన్, మళ్లీ టెస్టులు. మూడోది ధర. తక్కువ రేటు వేసినవాడికే టెండర్ అంటే, టెస్టుల ఖర్చు పెట్టిన చిన్న కంపెనీ నష్టపోతుంది. స్టిక్కర్ వేసుకున్నది గెలుస్తుంది. టెండర్‌లో ఏ టెస్టు, ఏ స్థాయిలో కావాలో స్పష్టంగా రాస్తేనే ఈ చిక్కు తీరుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో వేల మంది సాఫ్ట్‌వేర్ కోర్సులు, గవర్నమెంట్ జాబుల కోసం చదువుతున్నారు. వారిలో ఈసీఈ, మెకానికల్ డిప్లొమా, బీటెక్ వాళ్లూ ఉన్నారు. వైబ్రేషన్ టేబుల్ మీద పరికరాన్ని పరీక్షించి రిపోర్టు రాసే పని వాళ్లది. సిలబస్‌లో దానికి పెద్దగా చోటు లేదు. ఆ పని జరిగే చోట్లు మాత్రం అక్కడికి కొద్ది కిలోమీటర్లలోనే ఉన్నాయి.

ఇక ఫోన్ కొనేవాళ్లు బాక్సు మీద ‘మిలిటరీ గ్రేడ్’ కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగాలి. ఏ టెస్టు చేశారు? ఎన్ని పీసుల మీద చేశారు? టెస్టు చేసిన ల్యాబ్ ఏది? ఐపీ నంబర్ కూడా చూసుకోండి. ఐపీ 68లో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. జవాబు దొరకకపోతే ఆ ముద్ర కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు.