కెమెరా వచ్చింది... క్లాసు మాటేమిటి?

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ఎన్నడూ హైదరాబాద్ రానివాళ్లు కూడా చూసే ఉంటారు. సినిమాలోనో, టీవీ వార్తల్లోనో! బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన ఆ గులాబీ రాతి కట్టడం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. 2009 చివర్లో తెలంగాణ ఉద్యమం ఎగసినప్పుడైతే దాని ముందు ఓబీ వ్యాన్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఆ మెట్ల ముందు మైకు పట్టుకోని టీవీ రిపోర్టరు అప్పట్లో అరుదు.

అయితే ఆ భవనంలో తరగతి గదులూ ఉన్నాయి. అక్కడ పాఠాలూ జరుగుతాయి. కెమెరా మోసేవాళ్లం తరచూ మరిచిపోయేది ఆ సంగతే.

ఇంట్లో పిల్లలు కాలేజీకి వెళ్తుంటే మీకిది కొత్త ముచ్చట కాదు. ‘ఇవాళ మా క్యాంపస్‌లో షూటింగట’ అని వాళ్లు ఉత్సాహంగా చెప్పే ఉంటారు. 2007లో ‘హ్యాపీడేస్’ వచ్చాక గండిపేట దగ్గరి సీబీఐటీని చూడాలని ముచ్చటపడని ఇంటర్ కుర్రాళ్లు తక్కువే. 2009 నాటి ‘త్రీ ఇడియట్స్’లో ఇంజినీరింగ్ కాలేజీగా కనిపించింది బెంగళూరు ఐఐఎం. బి.వి.దోషి కట్టిన ఆ రాతి వరండాలు ఎంత అందంగా ఉంటాయంటే, అది మేనేజ్‌మెంట్ చదువుల చోటని సినిమా చూస్తున్నంతసేపూ గుర్తే రాదు.

అందరూ ఇలా తలుపులు తీయరు. ఫేస్‌బుక్ పుట్టుక మీద 2010లో వచ్చిన ‘ది సోషల్ నెట్‌వర్క్’ కథ చాలావరకు హార్వర్డ్‌లో నడుస్తుంది. ఆ విశ్వవిద్యాలయం సినిమావాళ్లను లోపలికి రానివ్వడానికి ఇష్టపడదు. దాంతో చాలా సన్నివేశాలకు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ప్రాంగణమే హార్వర్డ్ వేషం కట్టింది. ఒరెగాన్ విశ్వవిద్యాలయానిది ఇంకో దారి. అల్లరి విద్యార్థుల కథ ‘యానిమల్ హౌస్’ చిత్రీకరణకు 1977లో అది ఒప్పుకుంది. తన పేరు తెరమీద కనిపించకూడదన్నది షరతు. అప్పటి అధ్యక్షుడు విలియం బాయ్డ్ తన ఆఫీసు గదినే డీన్ గదిగా వాడుకోనిచ్చారు. అంతకుముందు కాలిఫోర్నియాలో ఉండగా ‘ది గ్రాడ్యుయేట్’ను కాదన్నవాళ్లలో తానూ ఉన్నానన్న బెంగే ఈసారి ‘సరే’ అనిపించిందని చెబుతారు.

ఒప్పుకోవడమా మానడమా అన్నది ఆయా వర్సిటీల ఇష్టం. గొడవంతా ఒప్పుకున్నాకే!

సినిమావాళ్లు ‘రెండ్రోజులు సార్, చిన్న యూనిట్’ అంటారు. తీరా తెల్లారేసరికి జనరేటర్ వ్యాను, మూడు క్యారవాన్లు, భోజనాల బండి, జూనియర్ ఆర్టిస్టుల బస్సులు దిగుతాయి. రెండ్రోజులు నాలుగవుతాయి. లైబ్రరీకి వెళ్లే దారికి తాడు కట్టేస్తారు. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి పుస్తకం కోసం చుట్టూ తిరిగి వెళ్లాలి. ‘మేడం, ఫ్రేములో పడుతున్నారు’ అని అరుపొకటి. ఆమె చదువుకునే చోట ఆమే అడ్డమైపోయిందన్నమాట.

ఇదంతా కాగితం మీద ముందే తేల్చుకుంటే సగం తలనొప్పి పోతుంది. రిజిస్ట్రార్‌కు పెట్టుకునే అర్జీలో ఏ రోజు, ఏ గంటలు, ఎందరు మనుషులు, ఎన్ని బండ్లు, ఏ గదులు అన్నవి ఉండాలి. అక్కడ తీసే సన్నివేశం పేజీలూ జతచేయాలి. ర్యాగింగ్ సీను తీసి ‘కామెడీ కదా’ అంటే, రేపు తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవాల్సింది కాలేజీయే. డిపాజిట్, బీమా, తీశాక శుభ్రం చేసే బాధ్యత ఎవరిదన్నదీ రాసుకోవాలి. చెట్టుకు మేకు కొట్టకూడదని కూడా రాయాలా అంటే... రాయాలి! పరీక్షల నెలలో అసలు అడక్కపోవడమే మర్యాద. సెలవుల్లో అదే వరండా ఖాళీగానే ఉంటుంది.

చప్పుడు సంగతీ ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, విద్యాసంస్థల చుట్టూ ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లు మించకూడదు. మామూలుగా మాట్లాడుకుంటేనే యాభై దాటుతుంది. ఇక పాట షూటింగుకు పెట్టే స్పీకర్ల మాట చెప్పాలా! డ్రోన్‌కూ 2021 నియమాలున్నాయి. 250 గ్రాములు దాటితే నమోదు తప్పనిసరి. హాస్టల్ కిటికీల మీదుగా దాన్ని తిప్పడం ఏ నియమంలో ఉన్నా లేకున్నా తప్పే.

ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో సభ్యుడిగా చేరాలంటే లోపలికి నిప్పు తేననీ, మంట వెలిగించననీ మాటివ్వాలి. హ్యారీ పోటర్ సినిమాల్లో హాగ్వార్ట్స్ గ్రంథాలయంగా కనిపించింది అక్కడి డ్యూక్ హంఫ్రీ గదే. అన్నన్ని కొవ్వొత్తుల మాయలోకాన్ని తీసే బృందం కూడా నిప్పంటే అంత భయపడే గదిలో పనిచేసుకుని వచ్చింది. మనవాళ్లకీ అది అసాధ్యమేం కాదు.

ఇక మా విలేకరుల సంగతి. సినిమా బృందానికి చెప్పిన పద్ధతి మాకు అతకదు. లాఠీఛార్జి జరుగుతుంటే వారం ముందు అర్జీ పెట్టుకోలేం కదా! మెస్సులో అన్నం బాగోలేదని విద్యార్థులు పళ్లేలు పట్టుకుని రోడ్డెక్కితే, అది తీయొద్దనే హక్కు వార్డెన్‌కు ఉండకూడదన్నది నా అభిప్రాయం. గేటు మూస్తే వార్త ఆగదు, సెల్‌ఫోన్‌లో గోడ దూకి వస్తుంది. అదీ సగం సగం. దానికన్నా ఫోనెత్తి మాట్లాడే పీఆర్వో ఒకరుంటే వర్సిటీకే మేలు. చాలాచోట్ల ఆ కుర్చీ ఉంటుంది, జవాబే ఉండదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 2005 నాటి సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాల్సిందే. అడిగినరోజే చెబితే ఆ నెలరోజుల అనుమానాలుండవు.

కానీ మావైపూ చూసుకోవాలి. క్లాసులో పాఠం ఆపించి ‘ఒక్క బైట్’ అడిగే హక్కు మాకెవరిచ్చారు? హాస్టల్ గది ఆ పిల్లలకు ఇల్లు. చెప్పకుండా కెమెరాతో ఇంట్లోకి ఎవరైనా వస్తే మీరు ఊరుకుంటారా? డిగ్రీ మొదటి ఏడాదిలో పద్దెనిమిది నిండనివాళ్లూ ఉంటారు. ‘ఒప్పుకుంటున్నాను’ అని వాళ్లొక్కరే చేసే సంతకం చాలదు, ఇంట్లో పెద్దల్ని అడగాలి. లైంగిక వేధింపు కేసుల్లో మరీ జాగ్రత్త. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా చూపితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకూ జైలు. ముఖాన్ని మసకచేసి, వెనక హాస్టల్ బోర్డును స్పష్టంగా చూపిస్తే ఏం దాచినట్టు?

అన్నిటికన్నా కష్టమైనది ఓ విద్యార్థి ప్రాణం తీసుకున్న రోజు. గేటు దగ్గర పది ఛానళ్లుంటాయి. ఊరినుంచి బస్సులో వస్తున్న తండ్రికి కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడని మాత్రమే చెప్పి ఉంటారు. ఆయన బస్టాండులో దిగేసరికి అక్కడి టీవీలో స్క్రోలింగ్ పోతుంటుంది. ఎలా చనిపోయాడో వివరించొద్దనీ, ఆ వార్తను పతాకశీర్షికకు ఎక్కించొద్దనీ ప్రెస్ కౌన్సిల్ 2019లోనే సూచనలు చేసింది. మనసు బాగోలేనివాళ్లు ఏ వేళలోనైనా ప్రభుత్వ ‘టెలి మానస్’ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

అలాంటి రోజున వర్సిటీ చేయాల్సింది పెద్దదేం కాదు. ఇంటివాళ్లకు విషయం చేరిందా లేదా అని ముందు తేల్చుకుని, ఆ తర్వాత ఒక్కరే బయటికొచ్చి తెలిసినంత చెప్పాలి. మళ్లీ ఏ గంటకు మాట్లాడతారో కూడా చెప్పాలి. ఆ గంటదాకా మేం గేటు బయట చెట్టుకింద కూర్చోగలం. రోజూ కూర్చునేదే!