రెండు భాషల నడుమ గోడ వలదు

దేశభాషలలో ఉన్నత విద్య సాధ్యమా యను ప్రశ్నకు హైదరాబాదు ఏనాడో సమాధానమిచ్చినది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యశాస్త్రమును సైతము ఉర్దూలో బోధించినది. సంస్థానమున ఎక్కువమంది పలుకు తెలుగునకు మాత్రము నాడు ఆ గౌరవము దక్కలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగులో వెలువరించి ఆ లోటును కొంత తీర్చినది.

అయినను, ద్వితీయ భాషగా ఒకదానిని ఎన్నుకొన్న విద్యార్థి రెండవదానికి దూరమగుచున్నాడు. వకీలు, దస్తావేజు, జవాబు వంటి మాటలు తెలుగువారికి సొంతమైనవి. వాటిని మోసుకొచ్చిన భాష మాత్రము పరాయిదిగా మిగిలినది. ఇంట ఉర్దూ, బజారున తెలుగు పలుకు మన విద్యార్థులకంటె యోగ్యులైన అనువాదకులెవరు? వారు నేర్వవలసినది రెండవ లిపియే.

కావున వారమునకు రెండు గంటలు ఉమ్మడి అనువాద తరగతి నడుపవలసినదిగా కమిటీ పెద్దలను కోరుచున్నాము. పొరుగు భాష నేర్చినంత మాత్రమున మాతృభాష తరిగిపోదు.