గడియ లోపలి వైపు ఉండాలి

తెనాలి నుంచి రేపల్లెకు 34 కిలోమీటర్లు. పాసింజరు బండి చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన స్టేషన్లలో ఆగి ఆగి వెళ్తుంది. పాఠాలు చెప్పుకునే రోజుల్లో ఆ బండిలో ఏళ్ళ తరబడి తిరిగాను. పొద్దున్నే తెనాలి స్టేషన్లో, ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద ఒకామె పడుకుని ఉండేది. యాభై దాటి ఉంటాయి. తల కింద ఒక ప్లాస్టిక్ సంచి. ఎండెక్కినా నిద్రే. తాగుతుందేమో, మతి సరిగా లేదేమో అనుకున్నాను. చదువుకున్నవాళ్ళకు తొందరగా తోచేవి ఇవేగా.

మాట కలిశాక ఒకరోజు అడిగాను, పగటిపూట ఈ నిద్రేమిటమ్మా అని. "రాత్రిళ్ళు నిద్రపోకూడదు పంతులమ్మా. పగలైతే నలుగురూ చూస్తుంటారు" అంది.

ఆ మాటతో నాకు సిగ్గేసింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. విచారిస్తే మా చుట్టుపక్కలే ఒక ఊళ్ళో నిరాశ్రయుల వసతి గృహం ఉందన్నారు. ఊరి పేరు ఎందుకులెండి. దగ్గరుండి తీసుకెళ్ళాను. ఆధార్ అడిగారు. లేదంటే నా సంతకం తీసుకున్నారు. పెద్ద హాలు, వరసగా చాపలు, ఒక మూల నీళ్ళ డ్రమ్ము. ఆడవాళ్ళ గదికి రాత్రి తొమ్మిదింటికి బయట గడియ పెడతామని, అది వాళ్ళ భద్రత కోసమేనని కాపలాదారు చెప్పాడు. తెల్లారి ఎనిమిదింటికల్లా అందరూ ఖాళీ చెయ్యాలి. ఒక మంచి పని చేశానన్న తృప్తితో నేను ఇంటికొచ్చాను.

నాలుగో రోజుకు ఆమె మళ్ళీ బెంచీ మీదుంది. నాకు కోపమొచ్చింది కూడా. "బయట గడియపెట్టే ఇంట్లో ఇరవై రెండేళ్ళు ఉన్నాను పంతులమ్మా. మళ్ళీ అదే ఎందుకూ?" అంది. మొగుడి ఇంటి సంగతి ఆమె నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే.

మనం స్త్రీవాదులం ఇంటి గురించి చాలా రాశాం. ఇల్లు చెరసాల అన్నాం. విమల 'వంటిల్లు' రాసినప్పటి నుంచి వంటింటి గోడలను కవిత్వంలోనైనా కూలగొడుతూనే ఉన్నాం. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన గదిని మనమూ అడిగాం, కొందరం సంపాదించుకున్నాం కూడా. ఆ రాతలన్నీ అవసరమే, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోనక్కర్లేదు. కానీ ఆ చెరసాల తలుపు బద్దలుకొట్టుకుని బయటికొచ్చిన మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో మన సాహిత్యం పెద్దగా అడగలేదు. అమ్మగారింటికో, హాస్టలుకో, ఉద్యోగానికో వెళ్ళగలిగిన స్త్రీయే మన కథల్లో గడప దాటింది. 2005 గృహహింస చట్టం ఉమ్మడిగా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. గొప్ప విజయమే. అయితే ఆ హక్కు ఏ కప్పు కింద తన్నులు తిన్నదో ఆ కప్పుకే ముడిపడి ఉంది. అక్కడ ఉండలేక వచ్చేసినామెకు ప్లాట్‌ఫాం మిగిలింది.

ఇప్పుడు రేపల్లె గురించి చెప్పాలి. 2022 మే 1 తెల్లవారుజామున రేపల్లె స్టేషన్లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కూలిపనులకు వెళ్తున్న ఒక కుటుంబం రాత్రి బండి దిగింది. ఆ వేళప్పుడు ముందుకు వెళ్ళే దారి లేక భార్యాభర్తలు పిల్లలతో ప్లాట్‌ఫాం మీదే పడుకున్నారు. ఆమె గర్భిణి. భర్తను కొట్టి ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. అప్పటి హోం మంత్రి కూడా స్త్రీయే. డబ్బు కోసం వచ్చినవాళ్ళు తాగిన మైకంలో చేసిన పని అన్న ధోరణిలో ఆమె మాట్లాడారు. నిందితుల మత్తు గురించి అంత మాట్లాడుకున్నాం, ఆ తల్లికి ఆ రాత్రి తలుపున్న గది ఎందుకు లేదన్నది మాత్రం ఎంత చర్చించాం?

లెక్క ప్రకారం ఆ గది అక్కడ ఉండనక్కర్లేదు మరి! పట్టణ నిరాశ్రయుల కోసం సుప్రీంకోర్టు ఆదేశాల వెనకే వచ్చిన కొలత, లక్ష జనాభాకు ఒక షెల్టరు. 2011 జనగణనలో తెనాలి జనాభా లక్షా అరవై వేలకు పైనే కాబట్టి ఒకటి వస్తుంది. బాపట్లకు డెబ్బై వేలు, రేపల్లెకు యాభై వేలు. రెండూ లక్షకు తక్కువే. ఇల్లు లేకపోవడమైనా లక్షల్లో ఉంటే తప్ప సర్కారు కంటికి ఆనదన్నమాట. అదే జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి వీధుల్లో ఉన్నవాళ్ళను లెక్కపెట్టారు. దేశంలో 17 లక్షల 70 వేలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షా 45 వేలు. రాత్రంతా మేలుకుని తిరుగుతూ, కనపడకుండా ఉండడమే రక్షణగా బతికే ఆడవాళ్ళు ఆ లెక్కలో ఎంతమంది తేలి ఉంటారు?

రేపల్లె తల్లికి ఆ స్టేషన్లో కావలసింది ఒక రాత్రి. తెనాలి బెంచీ మీదామెకు కావలసింది మిగిలిన జీవితం. ఈ రెంటికీ ఒకే చాప పరుస్తున్నాం, నా పేచీ అక్కడే. మన తీరంలో తుఫాను షెల్టర్లున్నాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో, ఈ రేపల్లె, బాపట్ల తీరాల్లో జరిగిన ప్రాణనష్టం చూశాక వాటి విలువ ఎవరూ కాదనరు. కానీ గాలివాన తగ్గాక అందులోనే కాపురముండమని ఎవరం చెప్పం. ఇల్లు కట్టిస్తాం. మొగుడి రూపంలో, కొడుకు రూపంలో ఉప్పెన వచ్చిన ఆడవాళ్ళను మాత్రం ఏళ్ళకేళ్ళు షెల్టర్లోనే సర్దుకోమంటాం.

డబ్బు లేదంటారు. లెక్క చూద్దాం. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్లో 50 మందికి సరిపడే షెల్టరు నిర్వహణకు ఏడాదికి 6 లక్షలు కేటాయించారు. తలకు నెలకు వెయ్యి రూపాయలు. అయిదుగురు స్త్రీల వాటా కలిపితే అయిదు వేలు. మా ఊళ్ళ శివార్లలో ఒక మామూలు పెంకుటిల్లు అద్దెకు వెతుక్కోవడానికి అది మంచి మొదలే. అద్దె ఇల్లంటే చిరునామా. చిరునామా ఉంటే ఆధార్, రేషన్ కార్డు. అవి ఉంటే పింఛను. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధులకు, వితంతువులకు, ఒంటరి మహిళలకు నెలకు 4 వేలు ఇస్తున్నారు. అయిదుగురికీ వస్తే 20 వేలు. ప్లాట్‌ఫాం మీద ఉన్నామెకు ఆ పింఛనుకు అర్హత ఉండి కూడా అందదు, ఎందుకంటే ఆమె ఏ వార్డుకూ చెందదు. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి సుమారు 30 లక్షల ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేర్ల మీదే పంచారు, సంతోషం. వాటికీ రేషన్ కార్డే ఆధారం. ఇల్లు కావాలంటే ముందు ఇల్లుండాలి, ఇదీ వరస.

అయితే తాళంచెవి చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. ఇన్నేళ్ళు మేలుకుని ఉన్న మనిషికి నిద్రపోవడం మళ్ళీ నేర్పాలి. మందులు గుర్తుచెయ్యాలి, బ్యాంకుకు తోడెళ్ళాలి, ఇంటి ఓనరుతో గొడవైతే మధ్యలో నిలబడాలి. అందుకే నేనడిగేది తోడున్న ఇల్లు. ఇది గాలిలో మేడ కాదు. మద్రాసులో 1993లో ఇద్దరు యువతులు మొదలుపెట్టిన 'ది బానియన్' సంస్థ, మానసిక అనారోగ్యంతో వీధినపడి ఎన్నో ఏళ్ళు ఆశ్రమాల్లో ఉండిపోయిన స్త్రీల కోసం 2015లో 'హోమ్ అగైన్' ప్రారంభించింది. నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో మామూలు అద్దె ఇంట్లో ఉంటారు, వాళ్ళకు సాయంగా ఒక మనిషి ఉంటుంది. ఏం వండుకోవాలో వాళ్ళే అనుకుంటారు. ఫిన్లాండు 2008 నుంచి సామూహిక షెల్టర్లను ఒక్కొక్కటిగా వేరు వేరు ఇళ్ళుగా మార్చింది, అద్దె కాగితం వాళ్ళ పేరు మీదే. బాగుపడితే ఇల్లు అని కాకుండా, ఇల్లిచ్చి బాగుపడనివ్వడం అక్కడి పద్ధతి. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం 19వ సెక్షను కూడా, కుటుంబం లేదనో ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచెయ్యకూడదని, సమాజంలో బతికే ఏర్పాటు ప్రభుత్వమే చెయ్యాలని అంటోంది.

షెల్టర్లు మూసెయ్యమంటావా అని ఒక మిత్రురాలు అడిగింది. లేదు. ప్రతి స్టేషను పక్కన ఒక రాత్రికి చిన్న వసతి ఉండాల్సిందే, జనాభా లక్షకు చేరలేదని ఎగ్గొట్టకుండా. కానీ పెద్ద హాళ్ళు కట్టి చాపలు పెంచే ఖర్చు ఇళ్ళవైపు మళ్ళాలి. ఇల్లిస్తే పాడుచేస్తారంటారు. మన ఇళ్ళల్లో తాగి సామాన్లు పగలగొట్టే మగవాళ్ళ ఇంటి హక్కును ఎప్పుడైనా ఎవరైనా ప్రశ్నించారా? కౌన్సెలింగ్ చేసి కుటుంబానికి అప్పగిస్తే సరిపోతుందంటారు. ఏ కుటుంబానికి? గడియ బయటినుంచి పెట్టిన కుటుంబానికేనా?

నేను అడిగేది చిన్న సంగతే. పట్టణాల్లో 300 చదరపు అడుగుల టిడ్కో ఇళ్ళు కట్టారు కదా, ప్రతి సముదాయంలో కింది అంతస్తులో కొన్ని పురపాలక సంఘం పేరునే ఉంచి, ఇలాంటి స్త్రీలకు బతికినంతకాలం ఇవ్వాలి. తోడుండే మనిషికి గౌరవ వేతనం కాదు, జీతమే ఇవ్వాలి, ఎందుకంటే ఆ పనికి కూడా ఆడవాళ్ళనే పెట్టి సేవ పేరుతో ఊరికే చేయించుకుంటారని మనకు తెలుసు. జాతీయ మిషన్ గడువు 2024లో ముగిసింది. దాని తర్వాత వచ్చే పథకాలు ఎలా ఉండాలో చెప్పడానికి ఇదే అదను. వ్యాసాలు రాయగలిగిన మనం వినతిపత్రాలు కూడా రాయగలం.

2020 మార్చిలో రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ తిరగడం మొదలయ్యాక వెళ్ళి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. పోర్టర్లనడిగాను, టీ కొట్టతన్నడిగాను. ఎవరికీ తెలియదు. ఉత్తరం రాద్దామన్నా, చనిపోయిందేమో కనుక్కుందామన్నా ఏ చిరునామాకని వెళ్ళను? ఆమె పేరు నాకు తెలుసు. ఆ ఒక్క పేరుతో ఏ ఆఫీసులోనూ ఏ కాగితమూ దొరకదు.