కిరాయి షేర్వానీలో మనం ఎక్కడున్నాం?

మొన్న ఇటిక్యాల నుంచి మా ఆపా ఫోన్ చేసింది. భాంజీ చదివే బళ్లో జల్సా. ‘భిన్నత్వంలో ఏకత్వం’ ఆటలో మన పిల్లది ‘ముస్లిం’ అట.

“కిరాయికి లిబాస్ తెచ్చారురా. మెరిసే పచ్చ షరారా, ముఖానికి వల లాంటి నఖాబ్. జోడీ పిల్లాడికి నల్ల షేర్వానీ, ఎర్ర టోపీ, కాటుకతో గీసిన గడ్డం. మనది అద్దంలో చూసుకొని, ‘అమ్మీ, మన ఇంట్లో ఇట్లా ఎవరు వేసుకుంటారు?’ అంటున్నది.”

ఆ సవాల్‌కు నా దగ్గరా జవాబ్ లేకపోయింది. మా అమ్మీ జిందగీ అంతా నేత చీరలే కట్టింది. అబ్బాకు లుంగీ, తెల్ల కమీజు, భుజాన తువ్వాల. జుమ్మా రోజు టోపీ, కాస్త అత్తర్. అంతే.

ఆ ఎర్ర టోపీ సంగతే చూడండి. దాని పేరు రూమీ టోపీ. 1829లో ఉస్మానీ సుల్తాన్ రెండో మహమూద్ తన ఉద్యోగులకు హుకుం ఇచ్చి మరీ పెట్టించాడు. నిజాం జమానాలో హైదరాబాద్ పెద్దలూ పెట్టుకున్నారు. 1925లో తుర్కీ సర్కారే దాన్ని బంద్ చేసింది. తుర్కీలోనే వందేళ్ల కింద తీసేసిన టోపీ, ఇటిక్యాలలో మన పహచాన్ అయి కూర్చుంది!

టీచరమ్మ నీయత్ సాఫే. దుకాణందారుదీ తప్పనను. స్టేజీ మీద మనిషి నోరు తెరవకముందే లిబాస్ మాట్లాడాలి. చివరి వరుసలో కూర్చున్నవాడికీ ఒక్క నజర్‌లో తెలియాలి. అందుకే నిశానీలు పెద్దవి చేస్తారు. పెద్దవి చేయండి, పర్వాలేదు. మనవి కాని నిశానీలను పెద్దవి చేయడం మీదే నా ఏతరాజ్.

అసలు షికాయత్ మన మీదే. కుట్టేవాడిని దర్జీ అంటాం, మెరుపును జరీ అంటాం. అవి ఫార్సీ నుంచి వచ్చిన మాటలు. జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం: అదే జర్దోజీ. అందరి పెళ్లిళ్లకూ మగ్గం వర్క్ చేసిపెట్టే కారీగర్లలో మనవాళ్లు ఎందరో. అంత హునర్ చేతిలో పెట్టుకొని, మన పిల్లకు మాత్రం కిరాయి బట్టలా?

స్టేజీ మనది కాదనే బుజుర్గులున్నారు. వాళ్లతో బహస్ పెట్టుకోను. పిల్లను పంపాలా వద్దా అన్నది ఇంటి ఫైసలా. కూచిపూడి అగ్రహారాన్ని ఆ కళాకారులకు ఇనాంగా ఇచ్చింది గోల్కొండ తానీషా అని మాత్రం గుర్తుచేస్తాను. చూసి మెచ్చిన సుల్తాన్ కథ అది.

పంపితే మాత్రం మనమే కుట్టి పంపుదాం. సామాన్ మన దగ్గరే ఉంది. గద్వాల చీర చూడండి: ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు తేలిక, చెమట పీలుస్తుంది. జరీ అంచు దీపాల వెలుగుకు తళుక్కుమంటుంది. స్టేజీ కోసమే నేసినట్టుంటుంది. జర్దోజీ తీగ బరువు, ఒంటినిండా కుడితే పిల్ల చెయ్యెత్తలేదు. మెడ దగ్గర, చేతుల అంచున కొద్దిగా వేస్తే చాలు. అబ్బాయి కుర్తాకు చంక కింద చదరపు ముక్క వేయించండి. పాత దర్జీలు దాన్ని చౌబగలా అంటారు. చెయ్యి ఎంత పైకెత్తినా బట్ట లాగదు, చిరగదు.

ఆపాకు ఇదే చెప్పాను. సందూక్‌లోంచి అమ్మీ పాత గద్వాల చీర తీసింది. నిలువుగా సగానికి మడిచి టాకాలు వేసింది, కోయలేదు. కొంగు తల మీద నిలిచేలా రెండు పిన్నులు. జోడీ పిల్లాడికి లుంగీ, తెల్ల కమీజు.

టీచరమ్మకు మొదట ఫికరైందట. “ముస్లిం అని ఎట్లా తెలుస్తుందమ్మా?”

భాంజీ జవాబిచ్చిందట: “నేను సలాం చేస్తా కదా, టీచర్.”

ఈసారి మీ పిల్లల బళ్లో జల్సా ఉంటే, కిరాయి మూట రాకముందే వెళ్లి టీచర్‌తో మాట్లాడండి. గొడవకు కాదు. చేతిలో మీ అమ్మీ చీర పట్టుకొని వెళ్లండి.