గిడ్డంగి చదువు తెలుగులో ఉండకూడదా?

మా పెద్దవూర పరిసరాల్లో డిగ్రీయో, ఇంజనీరింగో ముగించిన పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: కర్మాగారాల్లో సరుకు నిల్వలు, ఉత్పత్తి నిర్వహణ చూసే ఉద్యోగానికి ఏ సర్టిఫికెట్ చేయాలి? వారి నోట ఎక్కువగా వినిపించే పేరు సీపీఐఎం. మిర్యాలగూడ వైపు ఆ అక్షరాలు వినగానే ఎర్రజెండా గుర్తుకు వస్తుంది గానీ, ఇది వేరు. 1957లో అమెరికాలో ఏపిక్స్ పేరిట పుట్టి, ఇప్పుడు ఏఎస్‌సీఎంగా మారిన సంస్థ ఇచ్చే పట్టా ఇది. పరీక్ష రుసుము డాలర్లలో. ఉత్తీర్ణులైనా అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. తెలుగులో ఆ పరీక్ష లేదు.

ఆ చదువు పనికిమాలినదని నేను అనను. గిరాకీని అంచనా వేయడం, ముడిసరుకు ఎప్పుడు ఎంత తెప్పించాలో లెక్కకట్టడం, పుస్తకంలోని నిల్వనూ గిడ్డంగిలోని నిల్వనూ సరిచూడడం – ఇవన్నీ ఏ కర్మాగారానికైనా అవసరమే. నా అభ్యంతరమల్లా అది మన పిల్లలకు చేరుతున్న తీరు మీదనే. తండ్రి పంట డబ్బుతో ఇంగ్లీషు మాటలు కంఠస్థం చేసి వచ్చిన పిల్లవాడు, ఒక్క గిడ్డంగి గడపైనా తొక్కకుండానే నిల్వల నిపుణుడు అనిపించుకుంటున్నాడు.

నిజానికి ఈ విద్యకు పాఠశాల మన పక్కనే ఉంది. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత ఈ నేల వరికి నెలవయింది. ఆ ధాన్యం మీదనే మిర్యాలగూడ మిల్లులు పెరిగాయి. ప్రభుత్వం మరపట్టడానికి ఇచ్చే ప్రతి క్వింటాలు ధాన్యానికి మిల్లు 67 కిలోల పచ్చి బియ్యం గానీ, 68 కిలోల ఉప్పుడు బియ్యం గానీ తిరిగి అప్పగించాలి. తేమ, తాలు చూసి దింపుకోవాలి. పాత బస్తా ముందు కదలాలి. తవుడు త్వరగా చెడిపోతుంది కనుక వెంటనే నూనె మిల్లుకు చేరాలి. ఊక బాయిలరుకు పోవాలి. లెక్క తప్పితే ఆ బియ్యానికి మిల్లే జవాబుదారీ. ఇదంతా ఏ పట్టా లేని గుమాస్తాలు, హమాలీలు నిత్యం చేస్తున్న పనే.

అలాగని అనుభవమొక్కటే చాలదు. ఉదాహరణకు ధాన్యం పొట్టు తీసే రబ్బరు రోలర్లను తీసుకుందాం. ఒక మిల్లుకు ఏడాదికి 400 కావాలనీ, ఒక్కసారి తెప్పించడానికి 500 రూపాయల ఖర్చనీ, ఒక్కొక్కటి ఏడాది నిల్వ ఉంచితే 40 రూపాయల భారమనీ అనుకుందాం. 400ను 500తో, ఆపైన రెండుతో హెచ్చించి, 40తో భాగించి, వర్గమూలం తీస్తే 100 వస్తుంది. అంటే నూరేసి చొప్పున ఏడాదికి నాలుగుసార్లు తెప్పించడం లాభం. చవకగా వచ్చాయని 400 ఒకేసారి కొంటే డబ్బు ఇరుక్కుపోతుంది, రబ్బరూ గట్టిపడిపోతుంది. ఈ సూత్రం తెలిస్తే గుమాస్తా యజమానికి కారణం చూపి చెప్పగలడు.

ఆ సూత్రాన్ని 1913లో ప్రకటించిన ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే అమెరికన్ హైస్కూలు దాటి చదివినవాడు కాడు. కర్మాగారంలో పనిచేస్తూ గ్రహించినదాన్ని ఒక పారిశ్రామిక పత్రికలో రాశాడు. ఈ శాస్త్రపు మొదటి మెట్టు కట్టినవాడికే పట్టా లేదన్న సంగతి మనవాళ్ళు గుర్తుంచుకోవాలి.

కనుక నేను కోరేది ఇది. మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఈ విద్యను తెలుగులో, కొద్ది నెలల శిక్షణగా నేర్పాలి. మిల్లు గిడ్డంగి, సిమెంటు కర్మాగారపు స్టోరు తరగతి గదులు కావాలి. పరీక్ష అంటే స్టాకు రిజిస్టరు చేతికిచ్చి, ఎదుట ఉన్న సరుకు లెక్కించి, తేడాకు కారణం రాయమనడమే. అందులో పాత గుమాస్తాకు, కొత్త పట్టభద్రుడికి ఒకే బల్ల మీద చోటుండాలి. హైదరాబాదుకో, విదేశాలకో వెళ్ళదలచినవారు ఆ తరువాత సీపీఐఎం రాసుకోవచ్చు. అప్పటికి వారికి ఆ ఇంగ్లీషు మాటల వెనుక ఉన్న వస్తువులు తెలిసి ఉంటాయి.

అంతవరకూ, అప్పు చేసి ఆ పరీక్షకు రుసుము కట్టబోయే పిల్లలకు నా సలహా ఒక్కటే: ముందు ఒక్క పంటకాలం ఏదైనా మిల్లులో లెక్కలు రాయండి. ఈ విషయంలో అనుభవజ్ఞులైన చదువరులు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.