తాళం తీయడం నేర్చినవాడు దొంగేనా?

మా బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో "తాళం పడ్డది" అంటే అందరికీ ఒకటే గుర్తుకొస్తుంది. 1937లో ఏర్పడి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన శక్కర్‌నగర్ నిజాం చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లాకౌట్ ప్రకటించారు. అప్పుడు నాకు పదేళ్లు. "ఫ్యాక్టరీకి తాళమేసిన్రు" అని బాపు అంటే, అంత పెద్ద ఫ్యాక్టరీకి ఎంత పెద్ద తాళం వేసి ఉంటారో, దాని చెవి ఎంత బరువుంటుందో అని ఆ రాత్రి నిద్రపోకుండా ఆలోచించాను. ఆ తాళం ఇనుముతో చేసింది కాదని తర్వాత తెలిసింది. కానీ తాళం మీద పుట్టిన కుతూహలం మాత్రం పోలేదు. డిగ్రీలో ఫిజిక్స్ తీసుకుని నిజామాబాద్ వచ్చాక అదే నా అభిరుచి అయింది.

చెవి లేకుండా తాళం తీయడం నా హాబీ. ఈ మాట చదవగానే కొందరు మిత్రులు తమ పెట్టెలు ఒకసారి చూసుకుంటారని తెలుసు. వారి భయం పోగొట్టడానికీ, ఈ విద్యను పట్టపగలు పదిమందిలో నేర్చుకోవాలని చెప్పడానికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని దాచను.

నా సామగ్రి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. చేతిలో పట్టే చిన్న సంచిలో కొన వంగిన సన్నని ఉక్కు పుల్లలు కొన్ని, అలలాగా వంపులున్న పుల్ల ఒకటి, మడిచిన పట్టీలు రెండు. కొన వంగినదాన్ని హుక్ అనీ, వంపులున్నదాన్ని రేక్ అనీ, మడిచిన పట్టీని టెన్షన్ రెంచ్ అనీ అంటారు. వీటితో పాటు లోపలి భాగాలన్నీ బయటికి కనిపించే ప్లాస్టిక్ తాళం ఒకటి. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే దీన్ని తయారుచేస్తారు. దీన్ని ఏ తలుపుకూ వేయలేం, వేసినా ప్రయోజనం లేదు.

తాళం లోపల ఏముందో చాలామందికి తెలియదు. పిన్ తాళంలో తిరిగే ఇత్తడి గొట్టం ఒకటి ఉంటుంది. దాని మీద వరుసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒకదానిపై ఒకటిగా రెండు పిన్నులు, పైన స్ప్రింగు. పై పిన్ను సగం గొట్టంలో, సగం తాళం ఒంట్లో నిలబడి గొట్టాన్ని తిరగనీయదు. సరైన చెవి పెడితే ప్రతి జతా తనకు కావలసినంతే పైకి లేచి, రెండు పిన్నుల మధ్య అతుకు సరిగ్గా గొట్టం అంచుకు వస్తుంది. అప్పుడు తాళం తిరుగుతుంది.

ఆ రంధ్రాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతపై ఉంటే, గొట్టాన్ని మెల్లగా తిప్పబోయినప్పుడు పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవాలి. కానీ అంత కచ్చితంగా రంధ్రం వేసే యంత్రం లేదు. కాబట్టి ముందు ఒక్క పిన్నే బిగుస్తుంది. దాన్ని హుక్‌తో పైకి నెడితే ఒకచోట టిక్కుమని కూర్చుంటుంది. గొట్టం ఇసుమంత కదులుతుంది. తర్వాత ఇంకో పిన్ను బిగుస్తుంది. అంతే ఈ విద్య. ప్రాక్టికల్ రికార్డులో "ప్రయోగ దోషాలు" అని చివర మొక్కుబడిగా నాలుగు లైన్లు రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ దోషం అనేది వేలి కొసకు తగలడం నాకు ల్యాబులో కాదు, ఈ తాళంలోనే మొదటిసారి అనుభవమైంది.

ప్లాస్టిక్ తాళం తీయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఇత్తడి తాళానికి రెండు వారాలు. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే నేనూ చేశాను, బలం ఉపయోగించాను. బలంగా తిప్పితే పిన్నులన్నీ పట్టేసి ఏదీ కదలదు. బాపు అది చూసి, "ఎద్దు ముకుతాడు పట్టుకున్నట్టు పట్టాలె బిడ్డా, గుంజుడు కాదు" అన్నాడు. ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. మనవాళ్లు తాళాన్ని తాళంకప్ప అన్నారు, దాన్ని తెరిచేదాన్ని తాళంచెవి అన్నారు. కప్పకు చెవి ఎందుకు పెట్టారో నాకు తెలియదు గానీ, చెవి ఒగ్గి వినేవాడికే ఇది పలుకుతుంది.

ఇలాంటివి నలుగురికీ చెబితే దొంగలకు దారి చూపినట్టు కాదా అని ఒక లెక్చరర్ గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, పాత ప్రశ్న కూడా. 1851లో లండన్ మహా ప్రదర్శనకు ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు వచ్చాడు. చబ్ కంపెనీ తాళాన్ని ఎవరూ తీయలేరని అక్కడివారి నమ్మకం. సాక్షుల ముందు 25 నిమిషాల్లో దాన్ని తీశాడు. బ్రామా కంపెనీ తన తాళాన్ని తీసినవారికి 200 గినీలు ఇస్తామని దుకాణం కిటికీలో దశాబ్దాలుగా బోర్డు పెట్టుకుంది. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు శ్రమించి దాన్నీ తీశాడు. పెద్ద దుమారం లేచింది. రహస్యం బయటపెట్టి దేశానికి కీడు చేశాడన్నవారున్నారు. 1853లో ఆయన పేరుతో వచ్చిన తాళాల గ్రంథంలో దీనికి సమాధానం ఉంది. దొంగలకు ఇవన్నీ ముందే తెలుసు, తెలియనిది తాళం కొని నిశ్చింతగా పడుకునే గృహస్థుకే అని దాని సారాంశం. తాళం బలహీనమని తెలిస్తేనే కదా మంచి తాళం పుట్టేది! లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందిన పిన్ తాళం నమూనానే ఇవాళ మన తలుపులకు వేలాడుతున్నది.

ఫిజిక్స్ విద్యార్థులకు రిచర్డ్ ఫైన్‌మన్ పేరు తెలియనిది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లాస్ అలమోస్‌లో అణుబాంబు పరిశోధన జరుగుతుంటే, ఆ కాగితాలు దాచిన బీరువాల అంకెల తాళాలను సరదాగా తీసి చూపేవాడు. ఓక్‌రిడ్జ్‌లో ఒక కర్నల్ గారికి, పని చేసుకునేటప్పుడు బీరువా తెరిచి ఉంచితే అంకెలు పట్టేయవచ్చని హెచ్చరించాడు. ఆ కర్నల్ బీరువాలు మూసి ఉంచమనలేదు. ఫైన్‌మన్ మీ గదికి వచ్చాడా, వస్తే అంకెలు మార్చుకోండి అని అందరికీ కాగితం పంపాడు! 1985లో వచ్చిన తన పుస్తకంలో ఆయనే ఈ సంగతి రాశాడు. లోపం చెప్పినవాణ్ణే లోపంగా చూడడం పెద్దలకు కొత్త కాదు.

చట్టం ఈ విషయంలో మనకంటే స్పష్టంగా ఉంది. 1860 నాటి శిక్షాస్మృతి గానీ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత గానీ, ఇతరుల ఇంట్లోకి అక్రమంగా చొరబడడం కోసం తాళం తీయడాన్ని నేరమన్నాయి. నా తాళం నా బల్ల మీద పెట్టుకుని తీయడం ఆ మాట కిందికి రాదు.

అయితే చట్టం పట్టని తప్పులు కూడా ఉన్నాయి. ఇప్పుడు నా సంగతి చెబుతాను. పోయిన ఏడాది హాస్టల్‌లో, రూమ్మేటు బయటికి వెళ్లినప్పుడు, సరదాకి అతని ట్రంకు పెట్టె తాళం తీశాను. వస్తువేదీ ముట్టుకోలేదు. అతను రాగానే అందరి ముందు మూత ఎత్తి చూపించాను. మిత్రులు చప్పట్లు కొట్టారు. పెట్టెలో పైనే ఒక కాగితం ఉంది. వాళ్ల అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టిన రశీదు. మేమంతా చూశాం. అతను మూత వేసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాతో, "దొంగ వస్తే సామాను పోతుండె రా. నువ్వు నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు. నేను క్షమాపణ అడిగాను, అతను సరేనన్నాడు. కానీ ఇప్పటికీ నేను గదిలోకి వస్తే అతని చూపు ఒకసారి పెట్టె మీదికి పోతుంది. అంత చిన్న తాళం ఏం కాపాడుతున్నదో నాకు ఆ రోజు తెలిసింది. దాన్ని రాయితో కొట్టినా ఊడుతుంది. అది ఊడకుండా ఆపుతున్నది గదిలోని మిగతావాళ్ల మర్యాదే.

గాంధీ చౌక్ దగ్గర రోడ్డు పక్కన కూర్చుని తాళంచెవులు చేసే పెద్దాయనతో ఈ సంగతి చెప్పుకున్నాను. ఎవరైనా ఇంటి తాళం తీయమని పిలిస్తే, ముందు పక్కింటివాళ్లను బయటికి పిలిపించి, ఇల్లు ఈయనదేనా అని అడిగాకే సంచి విప్పుతానన్నాడు. బడికి పోని ఆయనకున్న నియమం డిగ్రీ చదివే నాకు లేకపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఊళ్లో ఒకరి బోరు మోటారు వైరు పోతే, "మీ పిలగానికి తాళాలు తీయనొస్తదట గద" అని బాపుతో అన్నవాళ్లున్నారు. అది విని నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక అనుమానం నన్ను అంత బాధిస్తే, పుట్టుకతోనే దొంగలని ముద్ర పడినవాళ్ల సంగతేమిటి? 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకలవంటి కులాల వారిని స్టువర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేశారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. చూపు మాత్రం రద్దు కాలేదు. అదే పుల్ల ఫైన్‌మన్ చేతిలో ఉంటే మేధావి చిలిపితనం, పేదవాడి చేతిలో ఉంటే కేసు. విద్యను రహస్యం చేస్తే ఈ అనుమానం ఇంకా పెరుగుతుంది, తగ్గదు.

అందుకే విద్యార్థి సంఘానికీ, ఫిజిక్స్ డిపార్టుమెంటుకూ నా విన్నపం. మన సైన్స్ క్లబ్‌లో నెలకొక సాయంత్రం, తలుపులు తెరిచిపెట్టి, లెక్చరర్ల సమక్షంలో ఈ సాధన పెట్టండి. నాలుగు పారదర్శక తాళాలు, నాలుగు జతల పుల్లలు చాలు. నియమాలు మూడే ఉండాలి. తనది కాని తాళాన్ని, యజమాని ఎదురుగా ఉండి అనుమతి ఇస్తే తప్ప ముట్టరాదు. తనదే అయినా వాడుకలో ఉన్న తాళం మీద సాధన చేయరాదు, అది పాడైతే రాత్రి తలుపుకు దిక్కుండదు. సామగ్రి క్లబ్ బీరువాలోనే ఉండాలి, జేబులో తిరగరాదు. అమ్మాయిలు కూడా రావాలి. రేపు ఇల్లు నడిపే ప్రతి ఒక్కరికీ తన తలుపుకున్న తాళం ఎంత మాత్రపుదో తెలియాలి.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు నా రూమ్మేటుకు చూపించాను. పెట్టె సంగతి, రశీదు సంగతి తీసేయమంటే తీసేద్దామనుకున్నాను. అతను చదివి, "ఉండనీ, పేరు రాయకు" అన్నాడు. మొదటి నియమం పాటించడం నాకు అలా మొదలైంది.