బొటనవేలు మనది - తాళంచెవి ఎవరిది?



మొన్నామధ్య మా బడికి మూడు అట్టపెట్టెలు వచ్చాయి. రామచంద్రపురం నుంచి ఆటోలో వచ్చి వరండాలో దిగాయి. మన పేటలోనే పుట్టి, మన బడిలోనే చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న నలుగురు కుర్రాళ్ళు తలా కొంత వేసుకుని పంపిన సామాను అది. ఒక పెట్టెలో స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, టెస్టర్లు, వైరు చుట్టలు, చిన్న చిన్న ఎల్‌ఈడీ బల్బులు, బ్యాటరీలు. ఇంకోదాంట్లో రంగులు, చార్టులు, కత్తెరలు, జిగురు డబ్బాలు. మూడోది మన టౌనులో బట్టలు కుట్టుకునే ఒకాయన ఇచ్చింది. దాని నిండా గుడ్డపీలికలు, ఒక సంచెడు గుండీలు.

పెట్టెలు ఇంకా విప్పనేలేదు. రెండు ప్రశ్నలు వచ్చేశాయి. ఒకటి: "మాస్టారూ, ఫొటో ఎప్పుడు తీద్దాం?" రెండోది: "బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది?"

మొదటి ప్రశ్నకి నవ్వి ఊరుకున్నాను. రెండో ప్రశ్న నవ్వి ఊరుకునేది కాదు. ఈ సంపాదకీయం దాని గురించే.

ఇలాంటి సామాను ఒక గదిలో పెట్టి, పిల్లలు వచ్చి తమకి తోచింది తమ చేతులతో చేసుకునే ఏర్పాటుని పెద్ద బడుల్లో 'మేకర్‌స్పేస్' అంటున్నారు. కేంద్ర ప్రభుత్వం 2016లో 'అటల్ టింకరింగ్ ల్యాబ్' అని పేరు పెట్టింది. మా పిల్లలు మాత్రం 'పని గది' అంటున్నారు. నాకు పిల్లల మాటే నచ్చింది. ఎందుకంటే 'పని' అనే మాటని ఈ దేశంలో మనకంటే ఎక్కువ ఎరిగినవాళ్ళెవరు?

దానం గురించి ముందు ఒక సంగతి చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఈ తూర్పు డెల్టాని ఊడ్చేసింది. కొబ్బరిచెట్లు మొదలంటా కూలిపోయాయి. వందలమంది పోయారు. ఆ తర్వాత సాయం పేరుతో లారీలు వచ్చాయి. బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, బడిపిల్లలకి నోటుపుస్తకాలు వచ్చాయి. నాకూ ఒకటి దొరికింది. దాని అట్ట మీద ఇచ్చినాయన బొమ్మ, నమస్కారం పెడుతూ. లోపల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా లెక్కలు చేసింది నేను. అట్ట మీద మాత్రం ఆయన. మా అమ్మకి చదువు రాదు. ఆమె ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సిమెంటు సంచి కాగితం చింపి దానికి అట్ట వేసింది. పైన నా పేరు రాసుకోమంది. ఆ రోజు నుంచి ఆ పుస్తకం నాదయింది.

ఇచ్చేవాళ్ళని తిట్టమని కాదు నేను చెప్పేది. మా అమ్మా తిట్టలేదు. తీసుకున్నది మనదిగా చేసుకోవడం ఎలాగో ఆమె చూపించింది. అంతే.

ఇప్పుడు చేతుల సంగతి చూద్దాం. తోలు ఊనింది ఎవరు? చెప్పు కుట్టింది, డప్పు కట్టింది ఎవరు? మగ్గం మీద ముతక బట్ట నేసింది ఎవరు? చేలకి గట్లు వేసింది, కాలవలు తవ్వింది ఎవరు? మన మాదిగ తాతలు, మాల తాతలు. వాళ్ళ పక్కన కుమ్మరి, చాకలి, మంగలి, కంసాలి. ఈ దేశంలో తయారైన ప్రతిదీ ఇలాంటి చేతుల్లోంచే వచ్చింది. కాని చేసే చేతికి అక్షరం అందకుండా చేశారు. అక్షరం ఉన్నవాడు చెయ్యి మురికి చేసుకోవడం నామోషీ అనుకున్నాడు. చేతినీ చదువునీ విడగొట్టిందే కులం. కంచె ఐలయ్య గారు 2007లో పిల్లల కోసం ఒక పుస్తకమే రాశారు. ఈ పనుల్లో ఎంత శాస్త్రం ఉందో అందులో విప్పి చెప్పారు. ఆ పుస్తకం ప్రతి బడిలో ఉండాల్సింది.

ఏకలవ్యుడి కథ మనందరికీ తెలుసు. ద్రోణుడు తల అడగలేదు, కళ్ళు అడగలేదు. బొటనవేలు అడిగాడు. ఎందుకని? బొటనవేలు లేకపోతే విల్లు పట్టలేడు. స్క్రూడ్రైవరూ అంతే, కత్తెరా అంతే, కలమూ అంతే. బొటనవేలు లేకుండా ఏదీ ఆడదు. ఇప్పుడు బొటనవేలు అడిగే ధైర్యం ఎవడికీ లేదు. కేసవుతుంది. అందుకని సామాను బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుంటున్నారు.

నేను కళ్ళారా చూశాను. లోగడ నేను పనిచేసిన ఒక బడిలో ఇలాంటి ల్యాబు ఉండేది. మిషన్ల మీద ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. "పిల్లలు పాడుచేస్తారండి" అనేవారు. పైఅధికారి వస్తున్నాడంటే ఆ రోజు తెరిచేవారు. ఆ పొద్దున గది ఊడ్చే వంతు మన పేట పిల్లలది. మధ్యాహ్నం మిషను పక్కన నిలబడి ఫొటో దిగే వంతు వేరేవాళ్ళది. అడిగితే, "మీరు అన్నిట్లోనూ కులం చూస్తారు మాస్టారూ" అన్నారు. నేను చూడటంలేదయ్యా, చీపురే చూపిస్తోంది!

మన గోదావరి జిల్లావాళ్ళకి ఈ సంగతి అర్థంకావడం కష్టమేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర పుణ్యమా అని నీళ్ళు వచ్చాయని ఊరూరా విగ్రహాలు పెట్టారు. మంచిదే. కాని నీళ్ళు ఎవరి చేలోకి వెళ్ళాయి? భూమి ఉన్నవాడి చేలోకి వెళ్ళాయి. రాళ్ళు మోసినవాడికీ మట్టి తవ్వినవాడికీ ఆ చేలో కూలే మిగిలింది. నీళ్ళు ఇవ్వడం ఒక ఎత్తు. తూము ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో ఎత్తు. బడికి వచ్చే సామానూ కాలవ నీళ్ళ లాంటిదే.

సర్కారు లెక్కే చూడండి. టింకరింగ్ ల్యాబుకి ఎంపికైన బడికి 20 లక్షల రూపాయలు ఇస్తారు. 10 లక్షలు ల్యాబు పెట్టడానికి, 10 లక్షలు ఐదేళ్ళ దాకా నడపడానికి. 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం. దేశంలో దాదాపు 10,000 బడుల్లో ఇవి వచ్చాయి. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్ళలో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. బాగానే ఉంది. కాని మామూలుగా 1500 చదరపు అడుగుల జాగా చూపించాలని షరతు పెట్టారు. రెండు గదుల పేట బడి ఆ జాగా ఎక్కడినుంచి తెస్తుంది? కాలవ చివరి భూమికి నీరందనట్టే, చివరి బడికి ల్యాబు అందదు.

అయితే జాగా లేదని చేతులు ముడుచుకోనక్కర్లేదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లె బడుల్లో, చేసి చూసి నేర్చుకునే సైన్సు మొదలుపెట్టారు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు కలిపి పిల్లలకి జ్యామితి నేర్పవచ్చని అరవింద్ గుప్తా లాంటివాళ్ళు చూపించారు. ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వమే ఆపేసింది. ముప్ఫయ్యేళ్ళు ప్రశ్నించడం నేర్పిన చదువుని ఒక్క ఉత్తర్వుతో ఆపేశారు. మనం గుర్తుపెట్టుకోవాల్సింది రెండూ: తక్కువ సామానుతో ఎంత చెయ్యొచ్చో, చేసిందాన్ని కాపాడుకోకపోతే ఏమవుతుందో.

మరి మా పని గదిలో ఏం జరిగింది? తాళంచెవి పిల్లల కమిటీకి ఇచ్చాం. వారానికొకరు బాధ్యులు. ఏ వస్తువు ఎవరు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి పెట్టారో గోడమీద చార్టులో రాస్తారు. మొదటి వారం రెండు టెస్టర్లు పాడయ్యాయి. పాడవనీ! పాడుచెయ్యకుండా నేర్చుకున్నవాడు ఎవడు?

కుర్రాళ్ళు పాడైన ఎల్‌ఈడీ బల్బులు ఇంటింటినుంచీ తెచ్చి విప్పారు. కొన్ని మళ్ళీ వెలిగాయి. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు వేరే పని ఎత్తుకున్నారు. పాత దుప్పటి మీద గుడ్డపీలికలతో ఊరి పటం కుట్టారు. వీధులు, కాలవ, గుడి, చర్చి, పేటలు, శ్మశానం అన్నీ పెట్టారు. కరెంటు స్తంభం ఉన్న ప్రతిచోటా ఒక గుండీ. దీపం వెలిగితే పసుపు గుండీ, వెలగకపోతే నల్ల గుండీ. వారం రోజులు చీకటిపడ్డాక అమ్మల్ని వెంటపెట్టుకుని తిరిగి లెక్క రాసుకున్నారు. కుట్టడం అయిపోయాక చూస్తే, ఊళ్ళో పసుపు, పేటలో నలుపు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. గుండీలే చెప్పేశాయి.

ఆ దుప్పటి పట్టుకుని గ్రామసభకి వెళ్ళారు. ఒక పెద్దమనిషి, "బడికి చదువుకోడానికి పంపితే పిల్లలకి రాజకీయాలు నేర్పుతారా?" అన్నాడు. దానికి ఒక పిల్ల, "ఇది రాజకీయం కాదండి, లెక్కండి" అంది. కొన్ని స్తంభాలకి దీపాలు వేశారు. శ్మశానం దారి ఇంకా చీకటిగానే ఉంది. అక్కడ నల్ల గుండీలు అలాగే ఉన్నాయి, తియ్యలేదు.

ఆ పెద్దమనిషికి మనం చెప్పాల్సిన జవాబు రాజ్యాంగంలోనే ఉంది. శాస్త్రీయ దృష్టి, మానవత్వం, తెలుసుకోవాలన్న ఆరాటం, సంస్కరణ - ఇవి పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అని 51ఎ అధికరణం చెబుతోంది. ప్రశ్నించడం తప్పయితే ముందు రాజ్యాంగం మీదే కేసు పెట్టాలి!

బాబాసాహెబ్ జీవితంలోనూ దానాలున్నాయి. చిన్నప్పుడు పరీక్ష పాసైతే కేలూస్కర్ అనే పంతులుగారు తాను రాసిన బుద్ధుడి జీవితం చేతిలో పెట్టారు. దానికి షరతేమీ లేదు. ఆ పుస్తకం వేసిన విత్తనం 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో పండింది. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1913లో అమెరికా వెళ్ళి చదువుకున్నారు. దానికి షరతుంది: తిరిగొచ్చి సంస్థానంలో కొలువు చెయ్యాలి. 1917లో వచ్చి చేరారు. కచేరీలో బంట్రోతులు కాగితాలు దూరంనుంచి విసిరేశారు. ఉండటానికి ఊళ్ళో ఇల్లు దొరకలేదు. చూశారా! దానం చదువు ఇవ్వగలిగింది, గౌరవం ఇవ్వలేకపోయింది. గౌరవం కోసం 1927లో మహద్ చెరువుకి నడవాల్సి వచ్చింది.

అందుకని దాతలకి మా మనవి: పంపండి, సంతోషం. కాని పంపేముందు పిల్లల్ని అడగండి, ఏం కావాలని. ఇచ్చాక తాళం పిల్లలకి వదిలెయ్యండి.

మన కార్యకర్తలకి, తల్లిదండ్రులకి ఇంకో మాట. దానం వచ్చిందని హక్కు మర్చిపోకూడదు. మన జనాభా నిష్పత్తిలో బడ్జెట్లో వాటా కోసం కొట్లాడితే 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. ఆ డబ్బులో మన పేట బడికి ఎంత చేరిందో అడగాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటే కాదు, వేరే ఎక్కడినుంచి వచ్చిన గ్రాంటయినా సరే, ఎలా ఖర్చయిందో చూసే అధికారం ఆ కమిటీకి ఉంది. సంతకం పెట్టి వచ్చెయ్యకండి. బీరువా తెరిపించండి. సామాను లెక్క గోడమీద రాయించండి. ఊడ్చేది ఎవరు, మిషను ముట్టుకునేది ఎవరు, కూర్చుని చూడండి. ఊడ్చే వంతు అందరికీ రావాలి, ముట్టుకునే వంతూ అందరికీ రావాలి.

వచ్చే ఏప్రిల్ 14కి పూలదండతోపాటు మీ ఊరి బడికి ఒక టెస్టరో, ఒక కత్తెరో, ఒక రంగుల డబ్బానో తీసుకువెళ్ళండి. మీ పిల్లలచేత మీ ఊరి పటం కుట్టించండి. నల్ల గుండీలు ఎక్కడున్నాయో ఊరంతా చూడనివ్వండి.

ఏకలవ్యుడి బొటనవేలు తిరిగొచ్చింది. ఇక తాళంచెవి రావాలి.

జై భీమ్!